ఊరికే చూడ్డానికి

మా ఇంట్లో ప్రయాణానికి ఎప్పుడూ ఒక కారణం ఉండాలి. పెళ్లి, చావు, దవాఖాన, కోర్టు, ఉర్సు. ఏడాదికోసారి జహంగీర్ పీర్ దర్గాకు పోయేవాళ్లం. యాటను కోసి, చెట్టు కింద వండి, ఫాతెహా ఇప్పించి, మిగిలిన కూర గిన్నెల్లో సర్దుకుని చీకటి పడేలోగా ఇల్లు చేరేవాళ్లం. మా విహారయాత్రలన్నీ అంతే. ఏ మొక్కూ లేకుండా, ఎవరూ పిలవకుండా, ఊరికే చూడ్డానికి పోవడమనేది మా అమ్మీకి తెలియని సంగతి. అందుకే దసరా సెలవుల్లో నల్లమలకు పోదామని తమ్ముడు అన్నప్పుడు, "ఉధర్ కౌన్‌సీ దర్గా హైరే?" అని అడిగింది. దర్గా ఏదీ లేదమ్మా, అడవి ఉంది అంటే నమ్మలేదు. అడవి కోసం పెట్రోలు ఎవరు తగలేస్తారు?

అమ్మీ అడిగిందంటే సరే. మా స్కూల్లో తోటి టీచరమ్మ కూడా అదే అడిగింది. "శ్రీశైలం రోడ్డులో మీకేముంటది మేడం?" అంది. చెడ్డ మనసుతో అన్నమాట కాదు. టిఫిన్ పంచుకునే మనిషే. చెడ్డమనసు లేకుండా అంది కాబట్టే ఆ మాట నన్ను వదల్లేదు.

మన దగ్గర కొండంటే గుడి, వాగంటే తీర్థం. ఉమామహేశ్వరం, సలేశ్వరం, లొద్ది మల్లయ్య, మల్లెలతీర్థం - ఆ దారి పొడుగునా పేర్లన్నీ దేవుడివే. అందులో తప్పుపట్టాల్సింది ఏమీలేదు. మావాళ్లు కూడా ఎత్తయిన గుట్ట కనపడితే పచ్చజెండా పాతి చిల్లా అన్నవాళ్లే. కానీ దేవుడి పని లేకుండా ఆ దారిన పోయే హిందూ కుటుంబాలు వేలున్నాయి. సెల్ఫీలు దిగుతాయి, జలపాతం కింద తడుస్తాయి, వెళ్లిపోతాయి. మీకిక్కడేం పని అని వాళ్లనెవరూ అడగరు. బండిలో ఒక నల్ల బురఖా, ఒక తెల్ల టోపీ కనపడితేనే ఆ ప్రశ్న పుడుతుంది.

తమ్ముడి కిరాయి కారులో ఏడుగురం ఇరుక్కున్నాం. అబ్బా ముందు సీట్లో కూర్చున్నాడు. ఆయన ఈ ఘాట్‌లో 20 ఏళ్లు లారీ నడిపాడు. 1960లో మొదలుపెట్టి 1981కి పూర్తిచేసిన శ్రీశైలం డ్యాంకు ఆఖరి ఏళ్లలో సిమెంటు తోలాడు. ఏ మలుపులో ఇంజను వేడెక్కుతుందో, రేడియేటర్‌కు నీళ్లు ఎక్కడ దొరుకుతాయో, ఎక్కడ క్లీనరును దించి టైరు వెనక రాయి పెట్టించాలో ఇప్పటికీ కళ్లు మూసుకుని చెబుతాడు. అడవి ఆయనకు తెల్లారేలోగా దాటాల్సిన చోటు, అంతే. ఇప్పుడు రాత్రి 9 దాటితే జంతువుల కోసం బండ్లను అడవిలోకి వదలరు. ఆ రోజుల్లో రాత్రే నడిపేవాళ్లు. అచ్చంపేట, మన్ననూరు దాటాక రోడ్డు పక్కన కొండముచ్చుల గుంపు కనబడితే "బండి ఆపురా" అన్నాడు. అందరం దిగాం. ఆయన మాత్రం దిగగానే అలవాటుగా టైర్ల చుట్టూ ఒకసారి తిరిగొచ్చి, అప్పుడు తలెత్తి చూశాడు.

అమ్మీ కోతుల్ని చూడలేదు. ఒక చెట్టు దగ్గరకెళ్లి ఆకు తెంపి, రెండు వేళ్లతో పాముతూ నిలబడింది. తునికాకు. మమ్మల్నందర్నీ చదివించింది ఆ ఆకే. చాట ఒళ్లో పెట్టుకుని, తడి ఆకును రేకు పెట్టి కత్తిరించి, తంబాకు వేసి చుట్టి, దారం కట్టి, రోజుకు వెయ్యి బీడీలు. 30 ఏళ్లు. ఆకు కట్టలుగానే ఇంటికొచ్చేది. చెట్టును చూడటం ఆమెకు ఇదే మొదటిసారి. "ఇత్తా బడా ఝాడ్?" అంది. ఇంత పెద్ద చెట్టా! ఆ ఒక్క ఆకుకే ఈ ప్రయాణం గిట్టుబాటయిందని నాకనిపించింది.

ఫర్హాబాద్ వ్యూ పాయింట్‌కు అటవీశాఖ జీపులో పోవాలి. ఫరహ్ అంటే సంతోషం. సంతోషపు ఊరు. నా కొడుకు ఆ పేరు వినగానే "మనోళ్లు పెట్టిన పేరా?" అని ఎగిరాడు. వాడి సంబరం చూసి నాకు ముచ్చటా వేసింది, చిరాకూ వేసింది. పేరు ఉర్దూదే. నిజాం ప్రభువుల షికారు బంగళా శిథిలాలు అక్కడే ఉన్నాయి. కానీ ఎవరా "మనోళ్లు"? పులిని వేటాడిన ప్రభువు మనవాడా, ఆ పులిని అరుపులతో తుపాకీ వైపు తరిమిన కూలివాడు మనవాడా? నిజాం పేరు చెప్పి మమ్మల్ని నిందించేవాళ్లూ, ఆ పేరు చెప్పుకుని మీసం దువ్వేవాళ్లూ ఇద్దరూ కలిసి బీడీలు చుట్టే ఆడదాన్ని నవాబును చేసిపెట్టారు. మా ఇంట్లో నవాబులెవరూ లేరు.

వాడికి ఇంకో పేరు చెప్పాను. సలీం అలీ. బొంబాయివాడు. 1931-32లో హైదరాబాద్ సంస్థానమంతా తిరిగి పక్షుల లెక్క రాశాడు. భార్య తెహ్మీనా ఆయన వెంట గుడారాల్లో ఉంది. ఈ అమ్రాబాద్ కొండల్లోనూ తిరిగాడు. 1941లో ఆయన వేసిన పక్షుల పుస్తకం పట్టుకునే ఈ దేశంలో రెండు మూడు తరాలు పిట్టల్ని గుర్తుపట్టడం నేర్చుకున్నాయి. ఆయన్ను మొదట ఎవరూ ఏ దర్గాకని అడిగి ఉండరు. అలాంటి మనిషి ఒకడున్నాడని నాకు ముప్పయ్యేళ్లు వచ్చేదాకా ఎవరూ చెప్పలేదు. మా పిల్లలకు టిప్పు కత్తి తెలుసు, సలీం అలీ దుర్భిణీ తెలియదు.

జీపులో మాకు తోడొచ్చిన చెంచు కుర్రాడు ఏ ప్రశ్నా అడగలేదు. చుక్కల దుప్పుల్ని మాకంటే ముందు చూశాడు. కణితి అరుపును బట్టి పులి జాడ చెప్పొచ్చన్నాడు. పులి కనపడలేదు, ఎండిన మడుగు అంచున దాని అడుగు కనపడింది. పులుల కోసం చెంచు పెంటల్ని అడవి బయటికి తరలించాలన్న మాట ఏళ్లుగా నడుస్తోంది. దాని గురించి అడిగితే, "మేమిక్కడ ఎందుకున్నమని మమ్ములనే అడుగుతరు" అన్నాడు. అబ్బా వెనక్కి తిరిగి వాడి ముఖంలోకి చూశాడు. తర్వాత జేబులోంచి బీడీకట్ట తీసి, అడవిలో కాల్చకూడదని గుర్తొచ్చి మళ్లీ లోపల పెట్టుకున్నాడు.

దారిలో ఒకచోట బండ్లు ఆపి చూశారు. ప్లాస్టిక్, మందు సీసాలు తనిఖీ చేయాల్సిందే, మంచిపనే. మా ముందున్న రెండు కార్లలో సంచులు పైపైన తడిమి వదిలేశారు. మా బండిలోకి తొంగిచూశాక మనిషి గొంతు మారింది. టిఫిన్ డబ్బా మూడు గిన్నెలూ విప్పించాడు. రొట్టెలు, టమాటా చట్నీ, ఉడకబెట్టిన గుడ్లు. వంగి వాసన చూశాడు. "ఏ మాంసం?" అన్నాడు. "గుడ్లు సార్" అన్నాడు తమ్ముడు, నవ్వుతూ. ఆ నవ్వు నాకు బాగా తెలుసు. అబ్బా కూడా అలాగే నవ్వేవాడు. బండి కదిలాక నా కొడుకు అడిగాడు, "ముందటి కారోళ్ల డబ్బా ఎందుకు తీయలే అమ్మీ?" జవాబు నాకు తెలుసు. పదకొండేళ్ల పిల్లాడికి ఎలా చెప్పాలో మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి. వాడు కాసేపు చూసి, నోటుబుక్కులో పిట్టల లెక్క మళ్లీ మొదలుపెట్టాడు. అప్పటికి 14.

మల్లెలతీర్థంలో వందల మెట్లు దిగాలి. వద్దన్నా అమ్మీ దిగింది, బురఖా ఒక చేత్తో ఎత్తిపట్టుకుని, ఇంకో చేత్తో నా భుజం పట్టుకుని. కింద నీళ్లు రాతిని పట్టుకుని జారుతున్నాయి. అబ్బా ఆ నీళ్లతోనే వజూ చేసుకుని, ఒక పక్కగా బండ మీద తువ్వాలు పరచుకుని జొహర్ నమాజు చదివాడు. ఎవరేమంటారోనని నేను చుట్టూ చూస్తూనే ఉన్నాను. ఎవరూ ఏమీ అనలేదు. కానీ అలా చుట్టూ చూడటంలో సగం జలపాతం నాకు కాకుండా పోయింది.

అమ్మీ చెప్పులు విడిచి నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చుంది. పక్క బండ మీద అమ్మీ ఈడు పెద్దావిడ, బొట్టు పెట్టుకున్న మనిషి, పులిహోర తింటోంది. "ఎన్ని మెట్లున్నయే తల్లీ, నా మోకాళ్లు పోయినయి" అంది. "నావి ఎప్పుడో పోయినయమ్మా, బీడీల కాడ కూసొని కూసొని" అంది అమ్మీ. పైకి ఎక్కేటప్పుడు ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, పది మెట్లకోసారి ఆగుతూ, కోడళ్లను తిట్టుకుంటూ అందరికంటే వెనక వచ్చారు.