ఆరు పరుగుల లోటు

గుంటూరు నుండి చిలకలూరిపేట మీదుగా పర్చూరు, ఇంకొల్లు వైపునకు పోవు బాటసారికి దారి పొడుగునను నల్లరేగడి పొలములు కనబడును. ఆ నేల వాన కురిసినప్పుడు కాలిని పట్టుకొని విడువదు. ఎండ కాసినప్పుడు నెఱ్ఱెలు విచ్చును. అందు ప్రత్తియు, మిరపయు పండించువాడు ఓర్పు గలవాడై యుండవలెను. ప్రత్తి ఒక్కమారుగా చేతికి రాదు. కాయ పగిలినకొలది రెండు మూడు పర్యాయములు తీయవలెను. మిరపయు అట్టిదే. పండిన కాయను పలుమారులు కోసి, కల్లమున ఎండబోసి, రాత్రివేళ మంచుకు తడియకుండ పట్టాలు కప్పి, తాలుకాయలను ఏరివేసిన పిదపగాని అది టిక్కీలకెక్కి గుంటూరు యార్డునకు చేరదు.

2022వ సంవత్సరారంభమున ఆ పొలములలో సంతోషమునకు తావు తక్కువ. అంతకు కొలది నెలల ముందు నల్ల తామరపురుగు మిరప పైరుపై పడెను. కంటికి సరిగా కనబడని ఆ పురుగు పూవులలో దూరి రసము పీల్చివేయగా పూత రాలిపోయెను. మందులు చల్లి చల్లి విసిగిన రైతులు పెక్కుమంది పచ్చని చేనిని తమ చేతులతోనే పీకివేసిరి. అట్టి దినములలో, ఫిబ్రవరి 2వ తేదీ సాయంకాలమున, వేలకొలది మైళ్ళకు ఆవలనున్న ఆంటిగ్వా ద్వీపమునందలి ఒక ఆటస్థలములో, ఈ గుంటూరులోనే పుట్టిన పదునేడేండ్ల బాలుడొకడు బ్యాటు చేతబట్టి నిలిచియుండెను. వాని పేరు షేక్ రషీద్.

నాడు అచ్చట జరిగినది పందొమ్మిదేండ్ల లోపు యువకుల ప్రపంచకప్పు క్రికెట్ పోటీలలో సెమీఫైనల్ ఆట. భారత జట్టునకు ప్రత్యర్థి ఆస్ట్రేలియా జట్టు. అచ్చట ప్రొద్దున ఆరంభమైన ఆట మన దేశమున సాయంకాలము ఆరున్నర గంటలకు టెలివిజనులో కనబడెను. భారత జట్టులోని వారందఱును కళాశాలలో పుస్తకములు పట్టవలసిన ప్రాయమువారే. జట్టునకు నాయకుడు ఢిల్లీకి చెందిన యశ్ ధుల్, ఉపనాయకుడు రషీద్.

రషీద్ 2004 సెప్టెంబరు 24వ తేదీన జన్మించెను. వింత యేమనగా, అదే సంవత్సరము మొదటి నెలలలో బంగ్లాదేశ్‌లో జరిగిన ఇదే పోటీలో భారత యువజట్టునకు నాయకత్వము వహించిన అంబటి రాయుడును గుంటూరులో పుట్టినవాడే. ఆనాటి జట్టు సెమీఫైనల్‌లో పాకిస్తాన్ చేతిలో ఓడి తిరిగి వచ్చెను. భారత జట్టునకు వికెట్‌కీపరుగా ఆడి, పిమ్మట ఆటగాండ్రను ఎంపిక చేయు సంఘమునకు అధ్యక్షుడైన ఎం.ఎస్.కె. ప్రసాద్ సైతము ఈ ఊరివాడే. కావున గుంటూరునకు క్రికెట్ క్రొత్త కాదు. అయినను సామాన్య కుటుంబములోని పిల్లవాడు ఆటనే నమ్ముకొనుట నేటికిని తేలిక కాదు. సాధనకు తగిన మైదానము మంగళగిరిలో ఉండెను. రషీద్ తండ్రి తన కొలువునకు ఆటంకము కలిగినను లెక్కచేయక కుమారుని సాధనకు తీసికొనిపోవుచు వచ్చెను. పంట చేతికి వచ్చునో రాదో తెలియక విత్తనము చల్లు రైతునకు, ఆ తండ్రికి పెద్ద భేదము లేదు.

ఆ పోటీలలో భారత జట్టు ప్రయాణము సుఖముగా సాగినది కాదు. జనవరి 15న గయానాలో జరిగిన మొదటి ఆటలో వారు దక్షిణాఫ్రికాను 45 పరుగుల తేడాతో ఓడించిరి. ఇంతలో కరోనా జట్టులో ప్రవేశించెను. నాయకుడు ధుల్, ఉపనాయకుడు రషీద్‌తో కూడ ఆరుగురు ఆటకు దూరమై ఏకాంతవాసమున ఉండవలసివచ్చెను. జట్టుతో వచ్చినవారు పదునేడుగురు. ఆరుగురు పోగా మిగిలినది సరిగా పదునొకండుగురు! వారిలో ఒక్కనికి దెబ్బ తగిలినను ప్రత్యామ్నాయము కఱవు. అట్టి స్థితిలో నిశాంత్ సింధు నాయకత్వమున ఐర్లాండ్‌పై 174 పరుగుల తేడాతో గెలిచిరి. ఉగాండాతో జరిగిన తరువాతి ఆటలో రాజ్ బావా 162, అంగ్‌క్రిష్ రఘువంశీ 144 పరుగులు చేయగా, జట్టు 405 పరుగులు సాధించి 326 పరుగుల తేడాతో విజయము పొందెను.

మిత్రులు ఇట్లు రాశులుగా పరుగులు పోయుచుండగా రషీద్ ఆటకు దూరముగా ఉండెను. ఇట్టి సమయమే ఆటగానికి కఠిన పరీక్ష. తాను లేకున్నను జట్టు గెలుచుచున్నది. తిరిగి వచ్చిన పిదప తనకు చోటు తగునని తన ఆటతోనే చూపవలెను. జనవరి 29న జరిగిన క్వార్టర్‌ఫైనల్ బంగ్లాదేశ్‌తో. రెండేండ్ల క్రిందట 2020లో, ఇదే పోటీ ఫైనల్‌లో, భారతమును ఓడించి కప్పు గైకొన్న జట్టది. ఈమారు బంగ్లాదేశ్ 111 పరుగులకే కూలెను. వ్యాధినుండి లేచివచ్చిన రషీద్ ఆ ఆటలో 26 పరుగులు చేసెను. అంకె చిన్నదే, కాని గెలువవలసిన 112 పరుగులలో అది నాల్గవ వంతునకు కొంచెమే తక్కువ.

ఇక సెమీఫైనల్. భారతము ముందుగా బ్యాటింగు చేపట్టెను. పన్నెండు ఓవర్లు దాటుసరికి ప్రారంభకులిద్దఱును వెనుదిరిగిరి. జట్టు పరుగులు 37 మాత్రమే. అప్పుడు రషీద్, ధుల్ జతగూడిరి. మొదట వారు తొందరపడలేదు. మంచి బంతిని గౌరవించుచు, ఒకటి రెండు పరుగులు తీయుచు, చెడ్డ బంతి వచ్చినప్పుడే బౌండరీకి తరలించిరి. ఇటుక మీద ఇటుక పేర్చినట్లు ఆ జత 204 పరుగులు చేర్చెను. జట్టుతో వెస్టిండీసునకు వెళ్ళిన వి.వి.ఎస్. లక్ష్మణ్, 2001లో కలకత్తాలో రాహుల్ ద్రావిడ్‌తో కలిసి ఆస్ట్రేలియాపైననే 376 పరుగుల జతను నిర్మించినవాడు. నిలిచి ఆడుట యనగా నెట్టిదో ఆ బాలురకు చెప్పగల పెద్ద వారి చెంతనే ఉండెను.

ఆట ముగియుటకు కొలది ఓవర్లే మిగిలియుండగా విచిత్రమొకటి జరిగెను. ధుల్ అప్పటికే శతకము దాటి 110 పరుగులతో ఉండెను. రషీద్ 94 పరుగులకు చేరెను. ఇంకొక ఆరు పరుగులు! రషీద్ బంతిని నేరుగా ముందునకు కొట్టెను. ఆ బంతి బౌలరు చేతికి తగిలి, ఆవలి వైపునున్న వికెట్లను తాకెను. పరుగుకై అడుగు ముందుకు వేసియున్న ధుల్ తన గీతలోనికి రాలేకపోయెను, ఔటయ్యెను. తప్పు ఎవరిదియు కాదు. కాని ఆ బంతి వెడలినది రషీద్ బ్యాటు నుండియే. తరువాతి బంతికి రషీద్ కూడ ఔటయ్యెను. అంతసేపు కలిసి నిలిచినవారు వెంటవెంట రెండు బంతులకు కలిసియే వెనుదిరిగిరి. అతని మనస్సు మిత్రుని వికెట్టుతో చెదరెనో, చెదరకయే బంతి మోసగించెనో, ఎవరు చెప్పగలరు?

ఆటలను చూచువారికి నూఱు అను అంకెపై మమకారము మెండు. నూఱు చేసినవాని పేరు పెద్ద అక్షరములలో పడును. తొంబది నాలుగు చేసినవానిని చూచి "అయ్యో" అందురు. రషీద్‌కు ఈ "అయ్యో" క్రొత్త కాదు. అంతకు నెల ముందు, 2021 డిసెంబరు 30న షార్జాలో జరిగిన యువకుల ఆసియా కప్పు సెమీఫైనల్‌లో బంగ్లాదేశ్‌పై అతడు 90 పరుగులు చేసి అజేయుడుగా నిలిచెను. ఓవర్లు ముగిసిపోవుటచే అక్కడనే ఆగవలసివచ్చెను. ఆ కప్పు భారతమునకే దక్కెను. ఒకమారు పది పరుగుల లోటు. మరొకమారు ఆరు పరుగుల లోటు.

కాని లెక్కను మఱియొక విధముగ వేసి చూడవలెను. ఆ దినము భారతము 290 పరుగులు చేసెను. ఆస్ట్రేలియా 194 పరుగులకు ఆలౌటయ్యెను. తేడా 96. రషీద్ చేసినవి 94. అతని పరుగులు తీసివేసి చూచినచో ఆ గొప్ప విజయములో మిగులునవి రెండు పరుగులు! గోడ నిలిచినది ఎవరి భుజముపై నని అడుగువానికి ఈ తీసివేతయే సమాధానము. రషీద్ శతకము పూర్తి కాకపోవుటచే జట్టునకు కలిగిన నష్టమేమియు లేదు. అతడు తొలి గంటలో తొందరపడి వెనుదిరిగియుండినచో కలుగు నష్టము మాత్రము ఇంత యని చెప్పనలవి కాదు. ఎకరమునకు పందొమ్మిది క్వింటాళ్ళ మిరప పండించిన రైతు ఇరువది కాలేదని కల్లమున కూర్చుండి కన్నీరు పెట్టడు. పంట ఇల్లు చేరినదా లేదా యన్నదే అతని లెక్క.

ఫిబ్రవరి 5న ఆంటిగ్వాలోనే ఫైనల్ జరిగెను. ప్రత్యర్థి ఇంగ్లండు. రాజ్ బావా అయిదు వికెట్లు, రవికుమార్ నాలుగు వికెట్లు తీయగా, ఇంగ్లండు ఒక దశలో 91 పరుగులకు ఏడు వికెట్లు కోల్పోయెను. అప్పుడు జేమ్స్ రూ అను బాలుడొక్కడు కొండవలె నిలిచి జట్టును 189 పరుగులకు చేర్చెను. అతడు చేసినవి 95. అతనికి లోటు అయిదు పరుగులు! మూడు దినముల వ్యవధిలో, ఆంటిగ్వాలోనే, ఇద్దఱు బాలురు శతకపు గుమ్మమున ఆగిపోయిరి. ఒకడు గెలిచిన జట్టువాడు. ఒకడు ఓడిన జట్టువాడు. ఇరువురి కష్టమును ఒక్కటే త్రాసులో తూచుట న్యాయము.

భారత జట్టు బ్యాటింగు ప్రారంభమున, రెండవ బంతికే, ఒక్క పరుగైనను రాకముందే, రఘువంశీ ఔటయ్యెను. మరల రషీద్ వచ్చి నిలువవలసివచ్చెను. ఈమారు అతడు 84 బంతులాడి సరిగా 50 పరుగులు చేసెను. వేగమును కోరువారికి అది మందకొడి ఆటగా తోచవచ్చును. కాని కావలసినవి 190 పరుగులే. కావలసినది వేగము కాదు, నిలుకడ. రషీద్, ధుల్ వెంటవెంటనే ఔటగుటతో జట్టు 97 పరుగులకు నాలుగు వికెట్లు కోల్పోయి చిక్కున పడెను. అప్పుడు నిశాంత్ సింధు, రాజ్ బావా జతగూడి భారమును మోసిరి. సింధు 50 పరుగులతో చివరివరకు నిలువగా, దినేష్ బానా రెండు సిక్సర్లతో ఆటను ముగించెను. నాలుగు వికెట్ల తేడాతో భారతము గెలిచెను. 2000, 2008, 2012, 2018 సంవత్సరముల తరువాత అది అయిదవ ప్రపంచకప్పు. పదునెనిమిదేండ్ల క్రిందట గుంటూరు బాలుని నాయకత్వమున సెమీఫైనల్ వద్ద ఆగిన ప్రయాణము, ఈ గుంటూరు బాలుని చేయూతతో కప్పు వఱకు సాగెను.

ఆ గెలుపు వలన పురుగు తిన్న చేలు పచ్చబడలేదు. రైతుల అప్పులు తీరలేదు. ఆట ఆటయే, బ్రతుకు బ్రతుకే. అయినను తమ ఊరి పిల్లవాడు కష్టసమయమున తొందరపడక నిలిచినాడన్న మాట, నష్టపోయిన ఇండ్లలో సైతము కొంతసేపు చెప్పుకొనదగిన మాటయే. మరుసటి వర్షాకాలమున ఆ నల్లరేగడిలోనే మరల మిరప నారు పోసిన రైతులు కలరు. నిలుకడ యన్న గుణమును వారు క్రికెట్ చూచి నేర్చుకొనలేదు. ఆ నేలయే వారికి నేర్పినది.

రషీద్ కూడ తన సాధన మానలేదు. ఆంధ్ర జట్టు తరఫున రంజీ పోటీలలో ఆడుచు, 2024 నవంబరులో హైదరాబాదు జట్టుపై 203 పరుగులు చేసెను. 2025 ఏప్రిల్ 14న లక్నోలో చెన్నై జట్టు తరఫున ఐపీఎల్‌లో తొలిసారి ఆడి 27 పరుగులు చేసెను. 90 వద్దను, 94 వద్దను ఆగిన బ్యాటు ఒకనాడు ద్విశతకము దాటినది. ఆ నాటి ఆరు పరుగులు మాత్రము తిరిగి రావు. రావలసిన పనియు లేదు. విజయ ఫలకముపై 290 అను అంకె చెక్కుచెదరక నిలిచియున్నది. అందలి 94 పరుగులును దానితోపాటు నిలిచియున్నవి.