డెత్ వ్యాలీలో మొరాయించిన జాకీ

కిందటి డిసెంబరు సెలవుల్లో ఫ్రీమాంట్ నుంచి డెత్ వ్యాలీ వెళ్లాం. మావారు, ఇద్దరు పిల్లలు, ఇండియా నుంచి వచ్చిన అత్తయ్యగారు, మామయ్యగారు, నేను. రెండేళ్ల క్రితం సెకండ్‌హ్యాండ్‌లో కొన్న మోటార్‌హోమ్‌లో రోజంతా ప్రయాణం.

పేరు వింటే భయమేస్తుంది కానీ చలికాలంలో అక్కడ హాయిగా ఉంటుంది. 1913 జూలైలో 56.7 డిగ్రీల ఎండ నమోదైన ఫర్నేస్ క్రీక్‌లోనే మేం దిగాం. పగటిపూట పల్చటి స్వెటర్ సరిపోయింది. ఆ క్యాంప్‌గ్రౌండ్ సముద్రమట్టానికి సుమారు 190 అడుగుల కింద ఉంటుంది. బ్యాడ్‌వాటర్ దగ్గర ఇంకా లోతు, 282 అడుగులు. అక్కడ కొండమీద ఎంతో ఎత్తున 'సముద్రమట్టం ఇక్కడ' అని బోర్డు పెట్టారు. మామయ్యగారు మెడ ఎత్తి చూసి, "అయితే మనం నీళ్లలో ఉన్నట్టేనా!" అన్నారు. కాళ్లకింద మాత్రం నీళ్లు లేవు, తెల్లటి ఉప్పు పెచ్చులే.

మోటార్‌హోమ్ ఆపగానే మొదటి పని దాన్ని సమంగా నిలబెట్టడం. కింద నాలుగు హైడ్రాలిక్ జాకీలుంటాయి. మీట నొక్కితే నూనె ఒత్తిడికి మెరిసే రాడ్లు కిందికి దిగి నేలను తన్నిపెడతాయి. తిరిగి వెళ్లేటప్పుడు పక్కనున్న స్ప్రింగులు వాటిని పైకి లాగుతాయి. మేస్త్రీలు వాడే రసమట్టం లాంటిదే ఒకటి గట్టుమీద పెట్టి చూసుకుంటాను. మంచం వంకరగా ఉంటుందని మాత్రమే కాదు. మా బండిలో ఫ్రిజ్‌కు కంప్రెసర్ లేదు. అమ్మోనియా కలిసిన నీటిని గ్యాస్ మంటతో వేడిచేస్తే చల్లదనం పుడుతుంది. ఆ ద్రవం తన బరువుతో తానే కిందికి జారి వెనక్కి రావాలి. బండి ఒరిగి ఉంటే అది సరిగ్గా పారదు, ఫ్రిజ్ చల్లబడదు, అలాగే నడిపితే పాడైపోతుంది కూడా. బీఎస్సీలో చదివిన కెమిస్ట్రీ ఇలా పనికొస్తుందని ఎవరనుకున్నారు! మామయ్యగారి ఇన్సులిన్ అందులోనే ఉంది మరి.

మూడోరోజు పొద్దున బయల్దేరుతూ మీట నొక్కాం. మూడు జాకీలు పైకెళ్లాయి. వెనక కుడివైపుది కదల్లేదు. బండి ఎడమకు ఒరిగింది, హెచ్చరిక గంట మోగుతూనే ఉంది. జాకీ కిందికి ఉండగా బండి నడిపితే అది వంగిపోతుంది. చెప్పుకోదగ్గ ఊరంటే పహ్రంప్, సుమారు 60 మైళ్లు. ముందు ఫ్రిజ్ ఆపేశాను. ఇన్సులిన్‌కు ఐస్ తగిలి గడ్డకడితే పనికిరాదు కాబట్టి తువ్వాల్లో చుట్టి ఐస్‌పెట్టెలో పెట్టాను.

తర్వాత వంగి చూస్తే తప్పెవరిదో తెలిసిపోయింది. నాదే. ప్రయాణానికి ముందు జాకీలు కిర్రుమంటున్నాయని నాలుగు రాడ్లకూ గ్రీజు దట్టంగా పూశాను. చిన్నప్పుడు తాతగారి ఎడ్లబండికి కందెన పెట్టడం చూసిన జ్ఞానం అది! ఆ గ్రీజుకు ఇసుక, ఉప్పుదుమ్ము అంటుకుని నల్లటి ముద్దయింది. స్ప్రింగు ఎంత లాగినా రాడ్ పైకి జారడంలేదు. మామయ్యగారు వ్యవసాయం చేసిన మనిషి. చూసి, "కందెన ఇరుసుకు, చక్రం లోపల పెడతాం కదమ్మా. ఇది దుమ్ములో నిలబడేది" అన్నారు. కోపంగా కాదు, మామూలుగానే. అయినా నాకు తల కొట్టేసినట్టయింది.

చక్రాలకు అడ్డుచెక్కలు పెట్టాం. బండి కిందికి దూరకుండా, పక్కనుంచి చెయ్యి అందినంతవరకు పాత బనీను గుడ్డతో ముద్దంతా తుడిచాను. గీతలు పడితే సీలు కోసుకుపోతుందని గట్టిగా రుద్దలేదు. పక్క సైట్‌లో ఉన్న పెద్దావిడ తన దగ్గరున్న డ్రై సిలికాన్ స్ప్రే తెచ్చిచ్చారు. అది ఆరిపోయి పల్చటి పొరలా మిగులుతుంది, దుమ్మును పట్టుకోదు. కొట్టి, జాకీని కొద్దిగా దింపి మళ్లీ ఎత్తాం. నాలుగోసారికి మెల్లగా పైకి వెళ్లింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. సాయంత్రానికి కూడా ఇన్సులిన్ చల్లగానే ఉంది.

ఇంటికొచ్చాక బండి అడుగుభాగమంతా మంచినీళ్లతో కడిగించాం, ఉప్పు ఇనుమును తినేస్తుంది కదా. జాకీలు దింపి మిగతా మూడు రాడ్ల గ్రీజూ తుడిచి, నాలుగింటికీ స్ప్రే కొట్టాను. జాకీలు పైకెత్తాక నూనె మట్టం చూశాను, తగ్గలేదు. అంటే సీళ్లు బాగానే ఉన్నట్టు. జాకీల పుస్తకం అప్పుడు తీరిగ్గా చదివితే, మూడు నెలలకోసారి తుడిచి డ్రై సిలికాన్ కొట్టాలని, గ్రీజు వద్దని మొదటి పేజీల్లోనే ఉంది!

మీలో ఎవరికైనా ఇలాంటి బండి ఉంటే, బయల్దేరే ముందు ఒక పాత గుడ్డ, ఒక స్ప్రే డబ్బా పెట్టుకోండి. బండి కింది పనులు మగవాళ్లవని వదిలేయకండి. మా వంటగదిలోని తెలుగు క్యాలెండర్‌లో మార్చి నెల పేజీ తీసి, పండగల పక్కన 'జాకీలు' అని రాసుకున్నాను.