గ్రీజు ముద్ర

క్యాంపులో ఉండే అన్నలకు ఆఫీసు క్లర్కులంటే ఎందుకు గిట్టదో నాకు తెలుసు. ఏసీ గదిలో కూర్చుంటాం, చొక్కా నలగదు. కానీ మేం కంప్యూటర్‌లో కొట్టే ఒక్క లైనుతో ఎండలో పనిచేసేవాడి జీతం కోతపడుతుంది. అలాంటి లైను నేనూ ఒకటి కొట్టాను. 2018 నాటి మాట.

మాది రాజంపేట దగ్గర పల్లె. ఇంటర్‌తో చదువు ఆపేసి 2014లో షార్జా వచ్చాను. అప్పుడు మా కంపెనీ యార్డు సజ్జాలో ఉండేది. యార్డులో నీళ్ళ ట్యాంకు, వెల్డింగ్ జనరేటరు లాగడానికి ఒక పాత నిస్సాన్ పికప్ ఉండేది. రోడ్డెక్కని బండి. గేటు లోపలే దాని బతుకంతా. ఆ ఏడాది వేసవిలో దాని ఇంజను పట్టేసింది. ఒక మూల స్క్రాపులో పడి ఉన్న టయోటా హైలక్స్ ఇంజను మాత్రం బాగానే ఉంది. "దీన్ని తీసి దాన్లో పెట్టు" అన్నాడు ఫోర్‌మన్. చెప్పినంత సులువా?

పెట్టాల్సింది మెకానిక్ అన్న. జగిత్యాల మనిషి, నాకన్నా పదిహేనేళ్ళు పెద్ద. అయినా నన్ను "సారూ" అనేవాడు. గేరు బాక్సు నిస్సాన్‌దే ఉంచాడు, ఎందుకంటే గేరు రాడ్డు, వెనక షాఫ్టు అన్నీ దానికి కుదిరి ఉన్నాయి. టయోటా ఇంజనుకూ నిస్సాన్ గేరు బాక్సుకూ బోల్టుల రంధ్రాలు కలవవు. లేతు షాపులో మందపాటి ఇనప ప్లేటు కోయించి మధ్యలో పెట్టి రెంటినీ కలిపాడు. ఇక మిగిలింది క్లచ్.

ఒకరోజు పొద్దున్నే నా టేబుల్ మీద ఒక కాగితం పెట్టాడు. దాని నిండా గ్రీజు. మధ్యలో పళ్ళచక్రం లాంటి నల్లటి ముద్ర, పక్కన పెన్సిల్‌తో 24, 225 అని రెండు అంకెలు.

"సారూ, గిది సూపెట్టి తేవాలె. ఒక్క బండిది తెస్తే పని జేయది" అన్నాడు.

నేను ఫోన్లో ఉన్నాను. సరే సరే అన్నాను. ఎల్‌పీఓలో బండి పేరు రాయడానికి ఒక గడి ఉంటుంది, పళ్ళు రాయడానికి గడి లేదు. ఇంజను టయోటాది కదా అని "హైలక్స్ క్లచ్ సెట్టు - 1" అని కొట్టాను. గ్రీజు కాగితాన్ని ఫైల్లో అడుగున తోసేశాను. 280 దిర్హములు పెట్టి తెచ్చిన సెట్టులోని ప్లేటును మెకానిక్ అన్న షాఫ్టు మీదికి ఎక్కించి చూపించాడు. చేటలో శనగగింజలా లోడలోడ ఆడింది. దుకాణంవాడు వాపసు తీసుకోనన్నాడు. ఫోర్‌మన్ "అయితే నిస్సాన్‌ది రాయి" అన్నాడు. రాశాను. 240 దిర్హములు. ఈసారి ప్లేటు షాఫ్టు మీద చక్కగా కూర్చుంది కానీ దాన్ని నొక్కిపట్టే ప్రెషర్ ప్లేటు బోల్టులు టయోటా ఫ్లైవీల్ రంధ్రాలకు రాలేదు.

ఫోర్‌మన్ అందరి ముందూ అరిచాడు. మెకానిక్ అన్న "రెండిట్ల సగం సగం గావాలె" అని చెప్పబోయాడు. ఎవరు వింటారు? 520 దిర్హములు అతని జీతంలో కోయమన్నారు. జీతం 1300. అప్పట్లో ఇక్కడ అమల్లో ఉన్న కార్మిక చట్టం ప్రకారం నష్టం కింద కోసేది నెలకు ఐదు రోజుల జీతం దాటకూడదని ఉండేది. అది నాకు బాగా గుర్తుంది కాబట్టి 200, 200, 120 అని మూడు నెలలకు పంచి శుభ్రంగా కొట్టాను. తప్పు నిజంగా ఆ మనిషిదే అయితేనే కోయాలన్న సంగతి మాత్రం గుర్తు తెచ్చుకోలేదు.

మొదటి 200 పోయిన నెల అతను ఇంటికి డబ్బు పంపే రోజున ఎక్స్ఛేంజ్ లైనులో నా ముందే నిలబడ్డాడు. ఏమీ అనలేదు. ఫోన్లో మాత్రం "ఈ నెల ఫీజు సగమే కట్టు, మల్ల సూద్దాం" అంటున్నాడు. బిడ్డ నర్సింగ్ చదువుతోందని నాకు అప్పుడే తెలిసింది.

ఆ మర్నాడు ఫైలు అడుగు నుంచి ఆ కాగితం తీశాను. లంచ్ టైములో యార్డుకు పోయి, ఈ అంకెలేమిటన్నా అని అడిగాను. అడిగినందుకు అతను ఆశ్చర్యపోయాడు. గేరు బాక్సు ముందుకు పొడుచుకొచ్చిన షాఫ్టు కొసను చూపించాడు. దానికి గ్రీజు రాసి కాగితాన్ని అద్దాడట. పళ్ళు లెక్కపెట్టమన్నాడు. 24. టయోటా ప్లేటు మధ్యలోవి లెక్కపెట్టమన్నాడు. 21, పైగా రంధ్రం పెద్దది. వర్నియర్ పెడితే టయోటాది 29 మిల్లీమీటర్లు, నిస్సాన్ షాఫ్టు 25 న్నర పైచిలుకు. ఆడక ఏంచేస్తుంది!

"క్లచ్ ప్లేటు ఇంటికోడలసొంటిది సారూ. నడుమ గేరు బాక్సుది, అంచు ఇంజనుది. రెండిండ్లకు సదురుకోవాలె" అన్నాడు.

ఫ్లైవీల్ ఇంజనుతోనే వస్తుంది. ప్రెషర్ ప్లేటు ఫ్లైవీల్‌కు బిగుస్తుంది కాబట్టి అది టయోటాదే కావాలి. లోపలి ప్లేటు షాఫ్టు మీద జారాలి కాబట్టి అది నిస్సాన్‌ది కావాలి. ఇక ఆ రెండింటి వెడల్పు ఒకటి కావాలి. టయోటాది 224, నిస్సాన్‌ది 225. అంటే కావలసిన సామాను రెండు అట్టపెట్టెల్లో సగం సగం నెల రోజులుగా మా స్టోర్లోనే ఉంది! దాని కోసమే అతని జీతం కోస్తున్నాం.

ఇంకా రెండు చిన్న తిప్పలు మిగిలాయి. మధ్యలో పెట్టిన ఇనప ప్లేటు మందం వల్ల గేరు బాక్సు వెనక్కి జరిగి, షాఫ్టు కొస ఇంజను రంధ్రంలోకి పూర్తిగా అందడం లేదు. దానికి లేతులో పొడుగు ఇత్తడి బుష్ చేయించాడు. రెండోది రిలీజ్ బేరింగ్ కూర్చునే కాలరు. టయోటా ప్రెషర్ ప్లేటు వేళ్ళ ఎత్తు వేరు, నిస్సాన్ కాలర్లు రకరకాల ఎత్తుల్లో ఉంటాయి. ఎత్తు తప్పితే పెడల్ ఎంత తొక్కినా క్లచ్ వదలదు, లేదా తొక్కకముందే సగం వదిలి జారుతుంది. ఈసారి ఇండస్ట్రియల్ ఏరియా పాత సామాన్ల దుకాణాలకు నేనే పోయాను. చేతిలో అతను కొలిచి గీత గీసిన చెక్కపుల్ల. పఠాన్ దుకాణదారు ఒక డబ్బా కుమ్మరించాడు. పుల్లతో కొలిచి కొలిచి ఒకటి ఏరాను. 15 దిర్హములు. చొక్కా నిండా నల్లటి మరకలు.

గురువారం సాయంత్రం బండి స్టార్టయింది. గేరు గరగరమనకుండా పడింది. నీళ్ళ ట్యాంకు తగిలించుకుని యార్డంతా రెండు చుట్లు తిరిగింది.

ఫోర్‌మన్ దగ్గరికి గ్రీజు కాగితం తీసుకుపోయాను. మొదటి రోజే ఇచ్చాడు, నేనే రాయలేదు అని చెప్పాను. చెప్పేముందు బాత్రూంలో పదినిమిషాలు నిలబడ్డాను, అబద్ధమెందుకు. కాసేపు కాగితం వంక, నా వంక చూసి, "సగం సామాను వృథాయే కదా, మిగతాది నీ జీతంలో రాసుకో" అన్నాడు. మిగిలిన 320 రెండు నెలల్లో నాకు కోత పడింది. మొదటి 200 నోట్లు కవరులో పెట్టి మెకానిక్ అన్న రూముకు పోయాను. వద్దంటాడేమో అనుకున్నాను. అనలేదు. రెండుసార్లు లెక్కపెట్టుకుని దిండు కింద పెట్టి, "తిన్నవా?" అని అడిగాడు.

2021లో అతను ఊరికి వెళ్ళిపోయాడు. ఇప్పటికీ క్లచ్‌కు ఎల్‌పీఓ కొట్టాల్సి వస్తే, బండి పేరు గడి కింద పళ్ళెన్ని, వెడల్పెంత, షాఫ్టు ఎంత అని చేత్తో రాస్తాను. దుకాణంవాళ్ళు చూసి, నువ్వు మెకానిక్‌వా అని అడుగుతారు.