మిరప కల్లంలో ఆస్కార్ కబుర్లు

2023 ఉగాది వెళ్లి ఇంకా వారం కాలేదు. చిలకలూరిపేట దాటి మార్టూరు వైపు వస్తుంటే రోడ్డుకు అటూ ఇటూ కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా పరుచుకునే ఉన్నాయి. మామూలుగా అయితే ఈపాటికి చాలావరకు యార్డుకో కోల్డ్ స్టోరేజీకో చేరిపోవాలి. మొన్న వానలు పట్టుకోవడంతో మావాళ్లకు పట్టలు కప్పడం, తీయడం, మళ్లీ కప్పడంతోనే సరిపోయింది. ఈ కాలంలో మా ఊరి టీ బంకు దగ్గర నిలబడితే ముందు తుమ్ము వస్తుంది, తర్వాత దగ్గు, ఆ తర్వాతే మాట. ఆ మాట ఎక్కడ మొదలైనా మూడు నెలలుగా సినిమా దగ్గరికే పోయి ఆగుతోంది.

మా వైపు ఒక లెక్కుంది. సంక్రాంతి సినిమాకు పత్తి డబ్బు, వేసవి సినిమాకు మిరప డబ్బు. హైదరాబాదులో కూర్చుని గుంటూరు ఏరియా ఎంతకు అమ్మాలా అని చూసేవాళ్లకు ఈ సంగతి తెలుసో లేదో గానీ, మా పెదనాన్నకు బాగా తెలుసు. ఈసారి పత్తి డబ్బు కాస్త మొరాయించింది. పోయినేడు క్వింటా పదివేలు దాటిన సరుకు ఈ ఏడు ఎనిమిది వేల చుట్టూ తిరుగుతుంటే, మళ్లీ పెరక్కపోతుందా అని చాలామంది ఇళ్లలోనే పోసి కూర్చున్నారు. మా మేనత్త వాళ్లింట్లో ముందుగది నిండా పత్తే. పండక్కి వచ్చిన అల్లుడిగారికి వరండాలో మంచం వేశారు. ఆయన మంచం సంగతి ఎత్తలేదు. మొదటి ఆటకు టిక్కెట్టు దొరకలేదని మాత్రం అలిగాడు.

ఈ 2023 సంక్రాంతి మామూలు సంక్రాంతి కాదు గదా మరి. జనవరి 12న బాలకృష్ణ ‘వీరసింహారెడ్డి’, 13న చిరంజీవి ‘వాల్తేరు వీరయ్య’. రెండూ మైత్రీ మూవీ మేకర్స్ వాళ్లవే. రెండింటికీ శ్రుతిహాసనే హీరోయిన్. ఒకే ఇంట్లో రెండు కోళ్లను పెంచి బరిలోకి దింపినట్టు. మాకు అసలు మురిపెం ఇంకోటి ఉంది. మొదటిదాని దర్శకుడు గోపీచంద్ మలినేని ప్రకాశం జిల్లావాడు, రెండోదాని దర్శకుడు బాబీ గుంటూరువాడు. పైగా పదేళ్ల కిందట రవితేజ ‘బలుపు’కు ఆ బాబీయే కథ రాశాడు, ఈ గోపీచందే తీశాడు. అందులోనూ శ్రుతిహాసనే. అంటే ఈ పోటీ వేరుపడిన అన్నదమ్ముల పొలం గట్టు తగాదా లాంటిదన్నమాట. తగాదా అంతా చూసేవాళ్లదే, వాళ్లిద్దరూ బాగానే ఉండుంటారు.

జనవరి 6న ‘వీరసింహారెడ్డి’ వేడుకను ఒంగోల్లో పెట్టారు. ఇంకొల్లు, పర్చూరు, అద్దంకి వైపు నుంచి కుర్రాళ్లు బైకుల మీద ముగ్గురేసి, నలుగురేసి పోయారు. మర్నాడు బాలయ్య హెలికాప్టర్ పైకి లేచి, వాతావరణం బాగాలేక మళ్లీ ఒంగోల్లోనే దిగింది. మా తమ్ముడు దాన్ని ఇప్పటికీ, “మా ఊరు ఆయన్ని వదల్లేదన్నా” అనే చెబుతాడు.

నాదొక ఫిర్యాదు. దర్శకులిద్దరూ మావాళ్లేనా? కథ చూడబోతే ఒకటి సీమలో, ఇంకోటి విశాఖ జాలరి పేటలో. మధ్యలో ఇంత నల్లరేగడి పరుచుకుని ఉంటే దాని మీది నుంచి దూకి అటొకరు, ఇటొకరు పడ్డారు. రెండేళ్ల కిందటి సంక్రాంతికి గోపీచంద్ ‘క్రాక్’ తీసినప్పుడు ఒంగోలునీ, వేటపాలేన్నీ తెర మీదికి తెచ్చాడు. నిజం చెప్పొద్దూ, అందులో మావాళ్లంతా కత్తులు పట్టుకునే తిరిగారు. అయినా మాకు కోపం రాలేదు. తెర మీద ఊరి పేరు వినపడితే ఈలేసే జాతి మాది.

తీర్పు సంగతికొస్తే, మా బంకు దగ్గర వీరయ్యకే మొగ్గు. చిరంజీవి పాత రోజుల్లోలా నవ్వించాడని ఆడవాళ్లు రెండోసారి వెళ్లారు. వీరసింహారెడ్డికి మొదటి సగం ఒక్కటి చాలని కుర్రాళ్లు. చెల్లెలి కథ బరువైందని నా మాట. వరలక్ష్మీ శరత్‌కుమార్ గట్టిగా చేసింది గానీ, పండగపూట నేతి అరిసె తిన్నవాడికి ఆ బరువు అరగలేదు. 14న విజయ్ ‘వారసుడు’ వచ్చింది. దాని గురించి మా బంకులో ఎవరూ గొడవపడలేదు, ఇక అర్థం చేసుకోండి.

ఈ సందట్లోకి ఇంకో వార్త వచ్చి పడింది. జనవరి 11 పొద్దున్న, వీరసింహారెడ్డి విడుదలకు ఒక్కరోజు ముందు, ‘ఆర్ఆర్ఆర్’లోని ‘నాటు నాటు’కు గోల్డెన్ గ్లోబ్ వచ్చిందని. భారతీయ సినిమా పాటకు ఆ బహుమతి రావడం అదే మొదలు. ఇంగ్లీషేతర చిత్రాల బహుమతి అర్జెంటీనా వాళ్ల ‘అర్జెంటీనా, 1985’ పట్టుకుపోయింది గానీ, పాట మాత్రం మనదైంది. సరిగ్గా కనుమ పొద్దున్న క్రిటిక్స్ చాయిస్ వాళ్లు పాటకూ, సినిమాకూ రెండూ ఇచ్చారు. కోడికూర పొయ్యి మీదుంటే ఫోన్లో ఆ వార్త. జనవరి 24 సాయంత్రం ఆస్కార్ చివరి ఐదింట్లో పాట పేరు వచ్చింది. పక్కన రిహానా, లేడీ గాగా. వాళ్లెవరని పెదనాన్న అడిగితే, “అక్కడి చిరంజీవి, బాలకృష్ణ అనుకో” అని తమ్ముడు తేల్చేశాడు.

నిరుడు మార్చి 25న ఆ సినిమా వచ్చినప్పుడు ఇక్కడెవరికీ ఆస్కార్ ఊసే లేదు. మన దేశం తరఫున అధికారికంగా పంపింది కూడా గుజరాతీ సినిమా ‘ఛెల్లో షో’ను. ఆర్ఆర్ఆర్ వాళ్లు సొంత ఖర్చుతో, మామూలు విభాగాల్లో అందరితో కలిసి పోటీకి దిగారు. అంటే మద్దతు ధర మీద ఆశ పెట్టుకోకుండా సరుకును నేరుగా పెద్ద యార్డుకు తోలినట్టు. ఇది నా మాట కాదు, కమిషన్ కొట్టులో గుమాస్తాగా చేసే మా బావది. బావ ఏ విషయాన్నైనా కాటా మీద పెట్టి చూస్తాడు.

ఆ పాటలో మాకూ వాటా ఉందని మా బంకు వాదన. చంద్రబోస్ అందులో ఎర్రజొన్న రొట్టె, మిరపతొక్కు పెట్టాడు. ఆయనది వరంగల్ వైపు కాబట్టి తొక్కు అన్నాడు. మేమైతే కొరివికారం అంటాం. కాయ మాత్రం మా గుంటూరుదేనని మా పెదనాన్న ఒట్టేసి చెబుతాడు. పాటలో తొంభై శాతం సగం రోజులో రాశాననీ, మిగతా పది శాతానికి పందొమ్మిది నెలలు పట్టిందనీ చంద్రబోస్ చెప్పాడట. మిరప పంటా అంతే బాబూ! నారు పోయడం ఒక్కపూట పని, కాయ సంచిలో పడేదాకా తతంగం. మధ్యలో నల్లతామర పురుగొస్తే అదీ లేదు. నిరుడు దాని దెబ్బకు తోటలకు తోటలే దున్నేశారు. ఆ దెబ్బ తట్టుకుని ఈసారి కాయ తీసినవాళ్లకు మాత్రం తేజ రకం క్వింటా ఇరవై వేలు దాటి పలికింది.

మధ్యలో కొన్ని చావు కబుర్లూ వినాల్సి వచ్చింది. జనవరి 27న జమున పోయింది. పుట్టింది హంపీలో అయినా పెరిగింది మా దుగ్గిరాలలో. ‘గుండమ్మ కథ’ను టీవీలో ఎన్నిసార్లు వేసినా మా అమ్మ జమున కోసమే కూర్చునేది. ఆ విచారంలో ఉండగానే ఫిబ్రవరి 2న కె. విశ్వనాథ్. రేపల్లె దగ్గర పెదపులివర్రు ఆయనది, బీఎస్సీ చదివింది గుంటూరు ఏసీ కాలేజీలో. 1980లో ‘శంకరాభరణం’ విడుదలైంది కూడా ఫిబ్రవరి 2నే. ఆ రాత్రి బంకు దగ్గర ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. ఎవరో ఫోన్లో పాట పెట్టారు, ఎవరో ఆపమన్నారు, ఇంకెవరో ఉండనివ్వమన్నారు.

ఆస్కార్ అంటే ఇవాళ పుట్టిన మాట అనుకునే కుర్రాళ్లకు అప్పుడే చెప్పాను. మన దేశం అధికారికంగా ఆస్కార్‌కు పంపిన తెలుగు సినిమా ఒకటుంది, అది విశ్వనాథ్ ‘స్వాతిముత్యం’, 1986 నాటిది అని. చివరి ఐదింట్లోకి రాలేదు, నిజమే. కానీ రేపల్లె వైపు కుర్రాడొకడు తీసిన బొమ్మ ముప్పై ఏడేళ్ల కిందటే ఆ దారి తొక్కిందని వినేసరికి మా తమ్ముడు కాసేపు టీ తాగడం మర్చిపోయాడు.

ఫిబ్రవరి 18న శివరాత్రి. కోటప్పకొండ తిరునాళ్లకు ప్రభలు ఎప్పటిలాగే లైట్ల తోరణాలతో, హీరోల బొమ్మలతో ఆకాశానికి లేచాయి. ఆ రాత్రే నటుడు తారకరత్న పోయాడన్న కబురు కొండ కింద ఒక ప్రభ నుంచి ఇంకో ప్రభకు పాకింది. ముందురోజు ధనుష్ ‘సార్’ వచ్చింది. చదువును వ్యాపారం చేసిన కాలేజీల మీద కథ. దాన్ని గుంటూరు హాల్లో చూడాలి! బయటికొస్తే ఎటు చూసినా ర్యాంకుల ఫ్లెక్సీలే. మార్చి మొదట్లో ‘బలగం’. భాషంతా తెలంగాణది. పిట్ట ముట్టని పిండం దగ్గర మాత్రం మా ముసలమ్మలు కొంగు తీసి కళ్లు తుడుచుకున్నారు. చిన్నదినాన కాకి కోసం ఎదురుచూడటం మాకు మాత్రం తెలియనిదా? వేణు యెల్దండి తీసిన ఈ చిన్న సినిమాకు ఢిల్లీ అవార్డు ఏదో ఒకటి రాకపోదని నా పందెం. రాసిపెట్టుకోండి.

ఇక మార్చి 13. సోమవారం. శని, ఆదివారాల సెలవు తర్వాత యార్డులో ఎక్కడ చూసినా టిక్కీలే, అంటే మిరప బస్తాలే. హమాలీలు బస్తాల మీద ఫోన్లు ఆనించుకుని చూశారని బావ చెప్పాడు. రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ ఆస్కార్ వేదిక మీద పాడటం, దీపికా పదుకొణె పరిచయం చేయడం, చివరికి పాట పేరు చదవడం. మిరప దుమ్ములో దగ్గుతూనే చప్పట్లు. పొద్దున్నే ఆర్ఆర్ఆర్‌ను బాలీవుడ్ అన్నారట అక్కడి వ్యాఖ్యాత. మా తమ్ముడికి ఆ కోపం ఇంకా చల్లారలేదు. కీరవాణి ఉపన్యాసానికి బదులు పాటే పాడాడు. చిన్నప్పుడు కార్పెంటర్స్ వింటూ పెరిగానన్నాడు. అది పాత అమెరికా పాటల జంట పేరు. మా బంకులో మాత్రం ఆయన వడ్రంగం చప్పుడు వింటూ పెరిగాడని రెండు రోజులు నడిచింది. మా ఊరి వడ్రంగి మామ అయితే, “ఉలి దెబ్బలో తాళం లేదంటావా?” అని అడిగాడు. లేదని నేనెలా అంటాను!

ఆ వారంలోనే వానలు. పురస్కారం పండగ పట్టల కిందికి పోయింది. తడిసిన కాయ తాలైపోతే ధర సగానికి పడుతుంది. అందుకే రెండు రోజులు ఎవరూ సినిమా ఊసెత్తలేదు.

ఉగాదికి, మార్చి 22న, కృష్ణవంశీ ‘రంగమార్తాండ’ వచ్చింది. మరాఠీ ‘నటసామ్రాట్’కు తెలుగు రూపం. ప్రకాశ్‌రాజ్ బాగా చేశాడు, ఆయన ఎప్పుడు చేయలేదు గనక. మేం చూసొచ్చి మాట్లాడుకుంటోంది బ్రహ్మానందం గురించి. సత్తెనపల్లి దగ్గర ముప్పాళ్ల మండలం, చాగంటివారిపాలెం మనిషి. ఇన్నేళ్లూ ఆయన తెర మీదికి రాగానే నవ్వడం మొదలెట్టేవాళ్లం. ఇందులో రంగస్థల నటుడిగా, స్నేహితుడిగా ఆయన మంచం మీద పడుకుని మాట్లాడుతుంటే నా వెనక వరసలో ఒకాయన అలవాటు కొద్దీ నవ్వబోయి, మధ్యలో ఆపేశాడు. ఆ ఆగిన నవ్వు నాకు ఇంకా వినిపిస్తోంది. పరిషత్తు నాటకాలు చూసి పెరిగిన నేల ఇది. వేషం తీసేశాక నటుడి బతుకేంటో మావాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. హాలు మాత్రం సగమే నిండింది. పక్క తెర మీద విశ్వక్‌సేన్ ‘దాస్ కా ధమ్కీ’కి కుర్రాళ్ల క్యూ.

పెదనాన్నను కూడా రెండో ఆటకు తీసుకెళ్లాను. తిరిగొస్తూ దారంతా మాట్లాడలేదు. మర్నాడు పొద్దున్న కల్లంలో తాలుకాయలు ఏరుతూ అడిగాడు.

“ఒరేయ్ అబ్బాయ్, బ్రహ్మానందానికి నంది ఇస్తారంటావా?”

“నందులు లేవు పెదనాన్నా ఇప్పుడు.”

“లేకపోవడమేంది? ఉగాదికి గదా ఇచ్చేది?”

1964లో మొదలైన ఆ అవార్డులు ఉగాదికి ఇవ్వడం ఒకప్పుడు ఆనవాయితీ. 2014, 15, 16 మూడేళ్లవీ కలిపి 2017 నవంబరులో ఒకేసారి ప్రకటిస్తే నానా గొడవా అయింది. ఆ తర్వాత మళ్లీ ఊసు లేదు. ఇదంతా చెప్పాను. అమెరికావాళ్లు పాటకిచ్చారు, ఢిల్లీ వాళ్లు ఇస్తారేమో చూడాలి అని కూడా అన్నాను.

పెదనాన్న ఒక తాలుకాయను చేతిలో తిప్పి పక్కకు విసిరాడు. “చాగంటివారిపాలెం వాడికి ఇవ్వాలంటే ఇక్కడోళ్లే ఇవ్వాలిరా” అన్నాడు. తర్వాత పడమటి వైపు చూశాడు. ఎల్లుండి శ్రీరామనవమికి నాని ‘దసరా’ వస్తోంది, టిక్కెట్లు చెప్పమంటావా అని తమ్ముడు గట్టు మీద నుంచి అరుస్తున్నాడు.

“టిక్కెట్లు తర్వాత, ముందు పట్టలందుకో. మబ్బేస్తంది.”