పిరాండెల్లో చితాభస్మం చేసిన ప్రయాణం

సిసిలీ దక్షిణ తీరంలోని అగ్రిజెంతోకు జనం గ్రీకు గుళ్ల కోసం వస్తారు. వాటిని నేనూ ఒక పూటలో చుట్టేసి, ఎండ తగ్గకముందే కావోస్ దారి పట్టాను. సముద్రం కనిపించే గట్టు మీద ఓ పాత పొలం ఇల్లు. కలరా భయంతో కుటుంబం ఊరొదిలి ఇక్కడికి వచ్చి ఉన్నప్పుడు, 1867 జూన్ 28న, నాటక రచయిత లుయీజీ పిరాండెల్లో పుట్టారు.

ఇప్పుడది మ్యూజియం. ఫొటోలు, పుస్తకాలు చూస్తూ వెళ్లినవాణ్ని ఒక పురాతన గ్రీకు కుండ దగ్గర ఆగిపోయాను. ఆయన చితాభస్మాన్ని కొన్నేళ్లపాటు దాచింది అందులోనే.

పిరాండెల్లో చివరి కోరికలు చాలా చిన్నవి. ఒంటి మీద బట్టలొద్దు, దుప్పటి చుట్టండి. పేదవాళ్ల శవాలు మోసే బండి చాలు. వెంట ఎవరూ రావద్దు. కాల్చి, బూడిద గాలికి వదిలేయండి; కుదరకపోతే పుట్టిన చోట ఏదైనా గరుకు రాతిలో పెట్టండి. 1936 డిసెంబరు 10న రోమ్‌లో కన్నుమూశారు. 1924లో తానే కోరి ఫాసిస్టు పార్టీలో చేరిన మనిషి, ఆ ప్రభుత్వపు లాంఛనాలేవీ దక్కకుండా వెళ్లిపోయారు. ఆయన చేసిన పనుల్లో నాకు మింగుడుపడనిది ఆ చేరిక, అన్నిటికన్నా నచ్చింది ఈ వీలునామా.

బూడిద మాత్రం పదేళ్లు రోమ్ శ్మశానంలోనే ఉండిపోయింది. 1947లో అగ్రిజెంతోకు తెస్తే, క్రైస్తవేతర కుండను ఆశీర్వదించనని బిషప్ పట్టుబట్టారట. దాన్ని శవపేటికలో పెట్టి ఊరేగించారని ఇక్కడివాళ్లు చెబుతారు. రాతిలోకి చేరింది 1960ల మొదట్లో.

ఇంటి వెనక బాట చివర ఆ రాయి ఉంది. చెక్కీ చెక్కనట్టు, గరుగ్గా, చేత్తో తాకితే గీసుకునేట్టుగా ఉంది. పక్కనుండే పైన్ చెట్టును 1997 నాటి గాలివాన విరిచేసింది, మొద్దు మిగిలింది.

గట్టు దిగితే పోర్తో ఎంపెదోక్లే రేవు. సార్డిన్ చేపలు, ఎండుద్రాక్ష కలిపిన పాస్తా అక్కడ తిన్నాను. తీపీ ఉప్పూ అంత బాగా కుదరడం మరెక్కడా చూడలేదు. ఈ ప్రాంతపు గంధకం ఓడలెక్కింది ఈ రేవులోనే. పిరాండెల్లో తండ్రిదీ గంధకం వ్యాపారమే. 1903లో గని నీట మునిగింది. తండ్రి పెట్టుబడితో పాటు కోడలు ఆంతోనియెత్తా కట్నమూ పోయింది. ఆ వార్త విన్న ఆమె మనసు మళ్లీ కుదుటపడలేదు. అనుమానాలతో వేగుతున్న భార్యను పిరాండెల్లో 1919 దాకా ఇంట్లోనే చూసుకుని, ఆ తర్వాతే ఆసుపత్రిలో చేర్చారు.

రెండేళ్లకు, 1921 మేలో, రోమ్‌లోని వాల్లే థియేటర్లో 'రచయిత కోసం వెతుకుతున్న ఆరు పాత్రలు' ఆడింది. రిహార్సల్ మధ్యలోకి ఒక చితికిన కుటుంబం జొరబడి, మా కథ ఆడించండని పట్టుబట్టే నాటకం. ప్రేక్షకులు 'పిచ్చాసుపత్రి!' అని అరిచారు. ఆయన కూతురు లియెత్తాతో పక్క గుమ్మం గుండా బయటపడాల్సి వచ్చింది. ఆ కేక ఆ తండ్రీకూతుళ్ల చెవుల్లో ఎలా పడి ఉంటుందో తలుచుకుంటే ఇప్పటికీ నా గుండె కలుక్కుమంటుంది. తర్వాత మిలాన్‌లో అదే నాటకానికి జేజేలు కొట్టారు, 1934లో నోబెల్ వచ్చింది.

ఆంతోనియెత్తా గురించి ఇంకా ఎక్కువ చెప్పుకోవాలి. భర్త పోయాక కూడా ఆమె ఇరవై మూడేళ్లు బతికి, 1959లో రోమ్‌లో చనిపోయింది.