జీపు పుస్తకం

ఈమధ్య మా ఇంటికి ఏ చుట్టం వచ్చినా షెడ్డు వైపు చూసి ఒకే మాట అడుగుతున్నారు: "ఇంకా దీన్ని ఉంచారా?" అందరికీ విడివిడిగా జవాబు చెప్పుకునే కన్నా ఒకసారి ఇక్కడ రాసిపెడితే మేలనిపించింది. పైగా ఈ ఏడాది ఆ ప్రశ్న చుట్టాలది ఒక్కటే కాదు, మాది కూడా. జీపు రిజిస్ట్రేషన్ గడువు 2026లో తీరుతోంది. మళ్ళీ రెన్యూవల్ చేయించాలా, గుజిరీకి తోలాలా అన్నది తేల్చుకోవాలి.

ముందు బండి సంగతి. ఇది ఎం.ఎం. 540, నాలుగు చక్రాలకీ పట్టు ఉన్న జీపు. మన దేశంలో మహీంద్రా వాళ్ళు 1947లో బొంబాయిలో అమెరికా విల్లీస్ జీపుల్ని బిగించడం మొదలుపెట్టారు. అదే వంశంలో చాలా తరాల తర్వాత పుట్టింది మాది. ఇంజను 2.1 లీటర్ల డీజిలు, ఫ్రాన్సు ప్యూజో కంపెనీ లైసెన్సుతో ఇక్కడే తయారైంది. 1991లో రెండు పంటల వడ్ల డబ్బు పోసి నాన్నా పెదనాన్నా కలిసి కొన్నారు. నంబరు కేఏ 36తో మొదలవుతుంది, అంటే రాయచూరు. మా గంగావతి తాలూకా 1997లో కొప్పళ జిల్లాలోకి వెళ్ళింది, ఇప్పటి బండ్లన్నీ కేఏ 37. మా జిల్లా కన్నా మా జీపు ఆరేళ్ళు పెద్దదని పిల్లలు నవ్వుతారు.

ఈ ప్రాంతం తెలియనివాళ్ళ కోసం ఒక మాట. 1953లో తుంగభద్ర ఆనకట్ట నీళ్ళు కాలవలకి వదిలాక, ఎడమ కాలవ కింద భూములు కొనుక్కుని కోస్తా జిల్లాల నుంచి చాలా కుటుంబాలు ఇటు వచ్చాయి. అప్పటికే ఉన్న ఊళ్ళకి కాస్త ఎడంగా గుడిసెలేసుకుని ఉన్నారు. వాటికి క్యాంపులని పేరు. డెబ్భై ఏళ్ళు దాటి మేడలు లేచినా పేరు మాత్రం క్యాంపే. ఊరు వేరు, క్యాంపు వేరు. వాళ్ళకి మేము 'క్యాంపినవరు', మాకు వాళ్ళు 'ఊరోళ్ళు'. తాతయ్య తరానికి ఊరితో పని కూలీల కోసమూ, సంత కోసమూ మాత్రమే. కన్నడం బేరమాడేంత వచ్చేది, కష్టసుఖం మాట్లాడుకునేంత రాలేదు.

ఇక జీపుతో పడ్డ అవస్థలు. దాచేది ఏముంది, చాలా ఉన్నాయి.

మొదటిది రేగడి. నాలుగు చక్రాల బండి ఎక్కడైనా పోతుందని పట్నం పిల్లలు అనుకుంటారు. మా నల్లరేగడి తడిసిందంటే టైరుకి పొర మీద పొర అంటుకుంటుంది. చివరికి చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య సందు పూడిపోయి చక్రమే తిరగదు. అప్పుడు లో గేరూ పనిచేయదు, ఫ్రంటు గేరూ పనిచేయదు. దిగి, పారతోనో కర్రతోనో బంక గీకి, పదడుగులు పోయి, మళ్ళీ దిగి గీకాలి. పొలానికి కిలోమీటరు పోవడానికి పూట పట్టిన రోజులున్నాయి.

రెండోది గాలి. డీజిలు గొట్టంలో ఎక్కడైనా రబ్బరు చీలి గాలి చొరబడిందా, ఇంజను దగ్గి ఆగిపోతుంది. సెల్ఫు ఎంత కొట్టినా బ్యాటరీ చావడమే తప్ప బండి లేవదు. ఫిల్టరు మీద బోల్టు వదులు చేసి, చేతి పంపు కొడుతూ ఉంటే మొదట నురగ వస్తుంది, తర్వాత బుడగలు, ఆ తర్వాత శుభ్రమైన డీజిలు. అప్పుడు బోల్టు బిగించి, ఇంజెక్షన్ పంపు దగ్గర అదే వరస మళ్ళీ. ఒక్కోసారి ఇంజెక్టర్ల నట్లూ వదులు చెయ్యాలి. చేసేవాడి మోచేతుల దాకా డీజిలే.

మూడోది చలికాలం. ఈ ఇంజనుకి తెల్లారుజామున హీటరు ప్లగ్గులు కాగితే తప్ప మంట అందదు. నాలుగు ప్లగ్గుల్లో ఒకటి పోయినా బండి మూడు కాళ్ళ మీద లేచినట్టు వణుకుతుంది, తెల్లటి పొగ పెడుతుంది. ఇవి కాక బ్రేకు వీల్ సిలిండర్లు కారడం, కమాన్ పట్టీ విరగడం, యు.జె. క్రాసులు అరగడం, గుంతలో పడితే స్టీరింగు చేతుల్లో దడదడలాడడం. పవర్ స్టీరింగు లేదు, ఏసీ మాట ఎత్తొద్దు. అరవై దాటితే లోపల మనుషుల మాట మనుషులకి వినపడదు. అమ్మకి నడుంనొప్పి మొదలయ్యాక గంగావతి ఆసుపత్రికి ఆటోలోనే తీసుకెళ్ళాం గానీ జీపులో కాదు. ఇవన్నీ ఏ కంపెనీ తప్పూ కాదు. ముప్ఫై అయిదేళ్ళ వయసు చేసే పని.

మరి ఎందుకు ఉంచామంటారా? దానికి జవాబు నాన్న రాసిన జీపు పుస్తకంలో ఉంది.

అది ఎర్ర అట్ట వేసిన పొడుగాటి పద్దుల పుస్తకం. 1991 నుంచీ బండికి పెట్టిన ప్రతి రూపాయీ అందులో ఉంది. తేదీ, కిలోమీటర్లు, ఏం పోయింది, ఎక్కడ ఆగింది, ఎవరు చేశారు, ఎంతయింది. వడ్ల లెక్కల్లాగే రాశారు. మేము ఈ ఏడాది రెన్యూవల్ సంగతి తేల్చుకోవడానికి ఖర్చు కూడదామని ఆ పుస్తకం తెరిచాం. కూడడం సగంలో ఆపేశాం. 'ఎక్కడ ఆగింది', 'ఎవరు చేశారు' అన్న రెండు వరసలు చదువుతూ కూర్చున్నాం.

మొదటి రెండేళ్ళ పేజీల్లో 'ఎవరు చేశారు' కింద ఒకటే మాట: కంపెనీ. తర్వాత నెమ్మదిగా మనుషులు రావడం మొదలైంది. 'సంత దగ్గర వెల్డింగు సాయిబు.' 'కారటగి రోడ్డు పంక్చరు కుర్రాడు.' 'ఎడ్లతో లాగిన గౌడ్రు – డబ్బు తీసుకోలేదు.' ఇంకో రెండు పేజీల తర్వాత అదే గౌడ్రింటి పెళ్ళికి పెట్టిన చదివింపు కూడా జీపు ఖర్చుల్లోనే రాసి ఉంది. నాన్నకి అది ఎక్కడ రాయాలో తెలియక కాదు, అది అక్కడిదే అనుకుని ఉంటారు.

ఆ గౌడ్రు ఎడ్లు కట్టింది మామూలు రోజున కాదు. తొంభైల్లో ఒక వేసవి పంటకి కాలవలో నీళ్ళు తగ్గాయి. పైనున్న మళ్ళకి అందాక కింద చివరి భూములకి చేరేది కొంచెమే. మా ఉపకాలవ తూము దగ్గర ఎవరి వంతు ఎప్పుడన్న దాని మీద క్యాంపుకీ కిందనున్న ఊరికీ రాత్రి మాటా మాటా పెరిగింది. కర్రలు లేవలేదు గానీ లేచేంత పనయింది. పెద్దలు సర్ది పంపాక నాన్న జీపు తిప్పుకుంటూ ఉంటే గట్టు జారి వెనక చక్రం కాలవలోకి దిగబడింది. క్యాంపు మూడు కిలోమీటర్లు. ఊరు అర కిలోమీటరు. తెల్లవారాక ఎడ్లు తోలుకొచ్చింది, రాత్రి అవతల పక్క నిలబడి అరిచినవాళ్ళే. "నీర్ మాతు బేరె, గాడి మాతు బేరె" అన్నారట గౌడ్రు. నీళ్ళ సంగతి వేరు, బండి సంగతి వేరు అని. బండి గట్టెక్కాక అక్కడే జొన్నరొట్టె, పుండిపల్లె తిని మాట్లాడుకుంటే వంతుల లెక్కా అక్కడే తేలింది. పుండిపల్లె అంటే మన గోంగూరేనని నాన్నకి ఆ రోజే తెలిసింది. నాలుగు దశాబ్దాలు పక్కపక్కన ఉండి, రెండు వైపులా ఒకే కూర తింటున్న సంగతి ఒకరిదొకరికి తెలియదు.

ఆ తర్వాత పుస్తకంలో ఎక్కువగా కనపడే మనిషి మెకానిక్కు కాకా. ఊళ్ళో చింతచెట్టు కింద షెడ్డు. మొదటిసారి బండి చూసి, పానా పక్కన పెట్టి, "గాడి కెట్టిల్ల ధణి, గాళి హిడిదైతి" అన్నాడు. బండి చెడలేదు దొరా, గాలి పట్టింది అని. దయ్యం పట్టడాన్ని వాళ్ళూ గాలి అనే అంటారు, మనమూ గాలి అనే అంటాం. నాన్నకి నవ్వాగలేదు. అప్పట్నుంచి బండి ఆగితే మా ఇంట్లో "గాలి పట్టింది, కాకాని పిలవండి" అనే మాట. అమ్మని అతను అక్కా అంటాడు. ఉగాదికి మా ఇంటి నుంచి బూరెలు వెళ్తాయి, వాళ్ళింటి నుంచి హోళిగెలు వస్తాయి. మేము నేర్చుకున్న కన్నడం బడిలో సగం, ఆ చింతచెట్టు కింద సగం.

అతని దగ్గర లేని పనికి హొసపేట వెళ్ళేవాళ్ళం. గనుల లారీలు తిరిగే ఊరు కాబట్టి డీజిలు పంపు విప్పి లెక్కకి కూర్చోబెట్టే పనివాళ్ళు అక్కడ దొరుకుతారు. అక్కడా లేని సామానుకి బెంగుళూరు జె.సి. రోడ్డు. కొత్త బండ్లలో ఈ తిప్పలు లేవు. ఏదైనా అయితే ఫోను చేస్తే వచ్చి ఎత్తుకుపోతారు, కడిగి తెచ్చిస్తారు. మా తమ్ముడి కొత్త కారు ఎనిమిదేళ్ళలో ఒక్కసారీ దారిలో ఆగలేదు. మంచిదే. కానీ ఆ దారిలో ఎవరున్నారో వాడికి తెలియదు.

పాతదాన్ని నిలబెట్టేది ఇనుము కాదు, దాన్ని ఎరిగిన మనుషులు. ఇది మాకు జీపు ఒక్కటే చెప్పలేదు. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది మీకు గుర్తుండే ఉంటుంది. అరవై అడుగుల వెడల్పు గేటు పోయి, నీళ్ళు ఆగకుండా పోతూ ఉంటే క్యాంపుల్లో పొయ్యి మీద మాకు ధ్యాస లేదు. రిటైరైన గేట్ల నిపుణులు కన్నయ్య నాయుడు గారు దగ్గరుండగా, పారే నీటిలోనే ముక్కలుగా తయారుచేసిన అడ్డు దింపడం మొదలుపెట్టి వారంలో నీళ్ళు ఆపారు. తర్వాత 33 గేట్లూ కొత్తవి పెట్టాలని నిర్ణయించారు. గేట్లు మార్చాల్సిందే, అందులో సందేహం లేదు. కానీ మార్చేదాకా నిలబెట్టింది, పాత గేటు ఒళ్ళు తెలిసిన మనుషులు.

మా దిగులు అందుకే బండి గురించి కాదు, కాకా గురించి. అతనికి డెబ్భై దాటింది. చూపు తగ్గింది. కొడుకు షోరూములో ఉద్యోగం, మనవడు మోటారు సైకిళ్ళ పని మాత్రమే చేస్తాడు. "నా తర్వాత దీన్ని ఎవరు విప్పుతారు అక్కా" అని పోయిన సంక్రాంతికి అమ్మని అడిగాడు. అమ్మ మాట్లాడలేదు. మా చిన్నమ్మాయి మాట్లాడింది. రాయచూరులో చదువుతోంది. "నేర్పు కాకా, నేను విప్పుతా" అంది. సెలవులన్నీ షెడ్డులోనే. అతను వెలితో తడిమి చెబుతాడు, ఈ పిల్ల చూసి రాస్తుంది. అతని మాట కన్నడం, ఈ పిల్ల రాత తెలుగు.

రెన్యూవల్ ఫీజు ఇదివరకు 600 రూపాయలు. 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్ళు దాటిన కార్లూ జీపులకి 10,000 చేశారు. పాత డీజిలు పొగ మంచిది కాదన్నది నిజమే. అందుకే ఇప్పుడు దాన్ని పొలానికీ, ఊరికీ తప్ప దూరం తియ్యడం లేదు. ఇంజెక్టర్లు కడిగించి, వీల్ సిలిండర్లు నాలుగూ మార్చి, లైట్లు సరిచేయించి, ఫారం 25 నింపాం. తనిఖీలో నెగ్గితే ఇంకో అయిదేళ్ళు. నెగ్గకపోతే ఏం చెయ్యాలో అప్పుడు ఆలోచిస్తాం. పుస్తకం మాత్రం గుజిరీకి పోదు.

మీ ఇళ్ళల్లోనూ ఏదో ఒక పాత బండి ఉంటుంది. జీపో, ట్రాక్టరో, అంబాసిడరో. ఉంచుకోవడం, ఉంచుకోకపోవడం మీ ఇష్టం. అది ఎక్కడెక్కడ ఆగిందో, ఎవరు చెయ్యి వేశారో మాత్రం పెద్దవాళ్ళని అడిగి రాసుకోండి. పరాయి నేల మీద మన వాళ్ళు నిలదొక్కుకున్న కథ పట్టాల్లో, పాసుపుస్తకాల్లో సగమే ఉంటుంది.

మా పుస్తకంలో ఇప్పటికి చివరి పద్దు మా అమ్మాయి రాతలో ఉంది. 'ఆగిన చోటు: చెరువు గట్టు. పోయింది: ఏమీ లేదు, గాలి. చేసింది: నేనే. కాకా బండి మీద వెనక కూర్చుని చూశాడు. ఖర్చు: రెండు టీలు.'