జంట గీతలు

నేనేం ఉద్యోగం చేస్తున్నానో మా నాయనకు చెప్పడం ఎప్పుడూ కష్టమే. "బోర్డులు గీస్తాడు" అంటే దుకాణాల ముందు పేర్లు రాసేవాణ్ణి అనుకున్నవాళ్ళు మా వీధిలో ఇంకా ఉన్నారు. పొద్దున్నే తిరుత్తణిలో లోకల్ బండి ఎక్కి, అరక్కోణం, తిరువళ్ళూరు దాటి అంబత్తూరు దాకా పోయి, రాత్రికి తిరిగొస్తాను. ఎలక్ట్రానిక్ బోర్డుల మీద రాగి గీతలు ఎటు పోవాలో నిర్ణయించడం నా పని.

నాయన మగ్గం మనిషి. ఆయన పలకా బలపం పట్టిన నాటికి మా ఊరు చిత్తూరు జిల్లా. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో కలిసింది. ఆయన తెలుగు చదువు మూడో తరగతితో ఆగింది, లెక్క మాత్రం ఆగలేదు.

2018లో ఒక యంత్రం తెరకు బొమ్మ పంపే బోర్డు మా చేతికి వచ్చింది. ఇలాంటి చోట ఎల్.వి.డి.ఎస్. అనే పద్ధతి వాడతారు. 1995లో దానికి ప్రమాణం ఏర్పడింది. ఒక్కో సంకేతానికి రెండు గీతలు. ఒకదాని వోల్టేజి పెరిగితే రెండోదానిది అంతే తగ్గుతుంది. సుమారు మూడున్నర మిల్లీ ఆంపియర్ల కరెంటు అవతలి కొసనున్న వంద ఓముల రెసిస్టరు గుండా పోతుంది. అక్కడ పుట్టేది 350 మిల్లీ వోల్టులు, అంటే టార్చిలైటు సెల్లులో నాలుగో వంతు కూడా లేదు. బయటి రొద రెండు గీతల మీదా ఒకేలా పడుతుంది. అందుకునే చిప్పు వాటి తేడానే చూస్తుంది కనుక రొద కొట్టుకుపోతుంది. రెండు గీతలూ పొడవులో సమానంగా, ఎడం మారకుండా, పక్కపక్కనే నడవాలి. ఇదంతా చెబితే నాయన, "పడుగులో రెండు పోగుల బిగువు తేడా వస్తే గుడ్డ ముడుచుకోదా?" అన్నాడు.

మా బోర్డులో ఒక్కో జంట మీద సెకనుకు 45 కోట్ల 50 లక్షల బిట్లు నడిచేవి. గీసినవాడు పళ్ళిపట్టు కుర్రాడు. ఉద్యోగంలో చేరి ఆరు నెలలు, ఇంకా ఖాయం కాలేదు. ఆఫీసులో అందరితో అరవం, నాతో మాత్రం "అన్నా" అంటూ తెలుగు. గీతలు ముచ్చటగా గీశాడు. మోటారు రొద రాకూడదని అడుగునున్న గ్రౌండు పొరను మధ్యకు చీల్చమన్నది నేను. "అన్నా, జంటలు ఆ చీలిక మీదుగా పోతున్నాయే" అని అడిగాడు కూడా. "ఒకదాని కరెంటు రెండోదాని గుండా తిరిగొస్తుందిలే, కింద ఏముంటే ఏం?" అన్నాను.

అది తప్పు. మా బోర్డులో ఒక్కో గీతకు పక్క గీతకన్నా అడుగు పొరే దగ్గర. తిరుగు కరెంటు చాలావరకు ఆ పొరలోనే, సరిగ్గా గీత కిందనే వస్తుంది. దారి తెగితే చుట్టు తిరుగుతుంది, ఆ చుట్టే రొదను పట్టుకుంటుంది. మోటారు తిరగగానే తెర మీద తెల్ల మచ్చలు. బోర్డులన్నీ వాపసు వచ్చాయి.

ఎవరు గీశారని పెద్దాయన అడిగాడు. కాగితం మీద కుర్రాడి పొడి అక్షరాలున్నాయి. వాడు నావైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు. నేను నోరు విప్పలేదు. నా కూతురి కాలేజీ ఫీజు అప్పుడే కట్టాల్సి ఉంది. ఇది సాకు కాదు, ఆ క్షణంలో నా బుర్రలో నిజంగా మెదిలింది అదే.

రాత్రి అన్నం తింటూ జరిగింది నాయనకు చెప్పాను. పొర, చీలిక, మచ్చలు అన్నీ విన్నాడు.

"చీల్చమని ఆ పిల్లోడికి చెప్పిందెవరురా?"

నేను జవాబివ్వలేదు. ఆయన మళ్ళీ అడగలేదు, చెయ్యి కడుక్కుని లేచాడు.

మర్నాడు అందరికంటే ముందు ఆఫీసు చేరి, చీలికకు రెండు వైపులా గ్రౌండు చిల్లుల దగ్గర పచ్చపూత గీకి, జంటల పక్కగా రాగి రేకు ముక్కలు అతికాను. మోటారు వేస్తే మచ్చలు చాలావరకు పోయాయి. ఆ బోర్డు పట్టుకునే పెద్దాయన గదిలోకి వెళ్ళి, చీల్చమన్నది నేనేనని చెప్పాను. "నిన్న ఎందుకు చెప్పలేదు?" అన్నాడు. దానికి నా దగ్గర సమాధానం లేదు. జంటల కింద పొర తెగకుండా, మోటారు భాగాన్ని ఇంకో మూలకు తోసి మళ్ళీ గీశాం. ఆ ఏడు నాకు జీతం పెరగలేదు. వాడి ఉద్యోగం ఖాయమైంది.

కుర్రాడు ఇప్పుడు బెంగుళూరులో ఉన్నాడు. ఉగాదికి ఫోన్ చేస్తాడు. పొరలూ గీతలూ అంటూ గంటసేపు మాట్లాడుకుంటాం. ఆ చూపు సంగతి వాడు ఎత్తడు, నేనూ ఇంతవరకు ఎత్తలేదు.